పదిలో మూడా, మూడులో పదా?

ఫోనులో పది ఫోటోలు దిగుమతి అవుతున్నాయనుకుందాం. వాటిలో మూడు పూర్తయ్యాయి. ఈ సంగతిని ఆంగ్లంలో చెప్పబోతే మూడు ముందు వస్తుంది, పది తరువాత వస్తుంది. తెలుగులో చెప్పబోతే పది ముందుకు వచ్చి కూర్చుంటుంది: "పది ఫోటోలలో మూడు పూర్తయ్యాయి." వ్యాకరణ పుస్తకంలో ఇది ఒక పంక్తికి మించిన విషయం కాదు. కానీ మొబైల్ యాప్‌లను తెలుగులోకి తెచ్చే పనిలో, నేను చూసినంతలో, ఇంతకంటే చాటుగా హాని చేసే సంగతి మరొకటి లేదు. యాప్ కూలిపోదు. కంపైలరు గొణగదు. తెర మీద అచ్చమైన తెలుగే కనబడుతుంది. ఆ తెలుగు అబద్ధం చెబుతూ ఉంటుంది.

ముందుగా యంత్రం వైపు నుండి చూద్దాం. యాప్‌లో కనబడే వాక్యాలను ప్రోగ్రాములో కలగలిపి రాయరు; వేరే దస్త్రంలో దాచి, ఒక్కో భాషకు ఒక్కో ప్రతి తయారు చేస్తారు. వాక్యంలో ఎప్పటికప్పుడు మారే చోటును ఖాళీగా వదిలి, అక్కడ ఒక గుర్తు పెడతారు. దీన్నే ప్లేస్‌హోల్డర్ అంటారు. చిన్నప్పుడు పరీక్షల్లో మనం రాసిన "ఖాళీలను పూరింపుము" వంటిదే కనుక నేను దీన్ని ఖాళీ అనే పిలుస్తాను. పూర్ణసంఖ్య రావలసిన ఖాళీకి %డి అని, మాట రావలసిన ఖాళీకి %ఎస్ అని గుర్తులు. (పేజీలో ఆంగ్లాక్షరం కనబడకూడదన్న చాదస్తం కొద్దీ ఆ అక్షరాలను కూడా తెలుగులో రాస్తున్నాను. వీటిని ఇలాగే తీసుకువెళ్ళి కోడులో అతికించకండి, పనిచేయవు.) డి అంటే డెసిమల్, ఎస్ అంటే స్ట్రింగు. ఈ గుర్తులు ఈనాటివి కావు. 1970లలో సీ భాషతో పుట్టిన ప్రింట్‌ఎఫ్ నుండి వారసత్వంగా వచ్చినవి.

బడిపిల్లవాడికీ యంత్రానికీ ఒక్కటే తేడా. పిల్లవాడు వాక్యం చదివి, ఏ ఖాళీలో ఏది ఇముడుతుందో ఆలోచించి పూరిస్తాడు. యంత్రం వాక్యాన్ని చదవదు. దాని చేతికి రెండు సంఖ్యలు వరుసగా ఇస్తే, మొదటిదాన్ని మొదటి ఖాళీలోనూ రెండోదాన్ని రెండో ఖాళీలోనూ పడవేస్తుంది. ఆంగ్లంలో రాసిన ప్రోగ్రామరు మూడును ముందు, పదిని తరువాత ఇచ్చాడు. అనువాదకురాలు చక్కని తెలుగు రాయాలనుకుని "%డి ఫోటోలలో %డి పూర్తయ్యాయి" అని రాసింది. ఆమె వాక్యంలో దోషం లేదు. తెర మీద మాత్రం "3 ఫోటోలలో 10 పూర్తయ్యాయి" అని పడుతుంది.

ఒక ఖాళీలో సంఖ్య, మరొకదానిలో మనిషి పేరు ఉన్నప్పుడు ఇదే తారుమారు జరిగితే జావా ఊరుకోదు. సంఖ్య ఉండవలసిన చోట మాట వచ్చిందని అభ్యంతరం చెప్పి యాప్‌ను అక్కడికక్కడే పడగొడుతుంది. వాడుకరికి అది చిరాకే గాని, దోషం బయటపడుతుంది, ఎవరో ఒకరు దిద్దుతారు. రెండు ఖాళీలూ సంఖ్యలే అయినప్పుడు ఆ రక్షణ ఉండదు. సంఖ్య అడిగితే సంఖ్యే వచ్చింది, రెండు అడిగితే రెండే వచ్చాయి. యంత్రం లెక్కలో అంతా సవ్యమే. ఒకే జాతికి చెందిన ఖాళీలు రెండు పక్కపక్కన ఉన్న వాక్యమే యాప్‌లోకెల్లా ప్రమాదకరమైన వాక్యమని నేననడం ఇందుకే.

2018 ఫిబ్రవరిలో తెలుగు లిపి ప్రపంచమంతటా వార్తల్లోకెక్కిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. "జ్ఞా" అన్న అక్షరానికి ఒక విధమైన కూర్పు ఐఫోనులోకి సందేశంగా వస్తే ఆ యాప్ కుప్పకూలేది. మన లిపిని అదివరకు ఎన్నడూ తలచనివారు కూడా ఆ వారం తలచారు. యాపిల్ అదే నెలలో 11.2.6 సంచికతో దాన్ని సరిదిద్దింది. అరిచే దోషానికి వైద్యం అంత త్వరగా జరుగుతుంది. "3 ఫోటోలలో 10" అన్నది అరవదు. చదివినవాడు నవ్వుకుని, తెలుగు యాప్ ఇంతేలే అనుకుని, సెట్టింగులలో భాషను ఆంగ్లానికి మార్చుకుంటాడు. ఆ మార్పిడి కూడా ఎవరికీ వినబడదు.

ఫోటోల విషయంలో నవ్వి ఊరుకోవచ్చు. మందుల విషయం తీసుకుందాం. ఆంగ్లంలో "2 మాత్రలు, ప్రతి 8 గంటలకు" అన్న క్రమంలో ఖాళీలున్నాయి. తెలుగులో సహజమైన వరస "ప్రతి 8 గంటలకు 2 మాత్రలు". ఖాళీలకు గుర్తింపు లేకుండా వాక్యాన్ని తెలుగు వరసలోకి తిప్పితే "ప్రతి 2 గంటలకు 8 మాత్రలు" అవుతుంది. మొదటి లెక్కన రోజుకు 6 మాత్రలు, రెండో లెక్కన 96. అవి 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రలే అయితే 3 గ్రాములు ఎక్కడ, 48 గ్రాములు ఎక్కడ! పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటరాదని వైద్యులు చెప్పే మందు అది. 96 మాత్రలు ఎవరూ మింగరు, అనుమానం వస్తుంది అనవచ్చు. నిజమే. మరి "ప్రతి 6 గంటలకు 4 చుక్కలు", "ప్రతి 4 గంటలకు 6 చుక్కలు" అన్న రెండింటిలో ఏది అనుమానించదగినది? రెండూ నమ్మదగినట్టే ఉన్నాయి. సంఖ్యలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నకొద్దీ అబద్ధం నమ్మకంగా కనబడుతుంది.

ఇది ఎప్పుడో ఒకసారి తటస్థపడే చిక్కు అయితే ఇంత పొడుగు టపా అక్కరలేదు. తెలుగు స్వభావమే ఇది. మనం మొత్తాన్ని ముందు చెప్పి, భాగాన్ని తరువాత చెబుతాం. నూటికి నలభై అంటాం. మూడింట రెండు వంతులు అంటాం. గంటకు అరవై కిలోమీటర్లు, వారానికి రెండుసార్లు, ఎకరానికి ముప్పై బస్తాలు, మనిషికి నాలుగు లడ్లు. ప్రాతిపదిక ముందు, దాని మీద నిలిచే సంఖ్య తరువాత. ఆంగ్లంలో విభక్తి పని చేసే మాట నామవాచకానికి ముందు వస్తుంది, మనకు వెనుక వస్తుంది. ఆ తేడాతో పదబంధం మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. పోలికలు కూడా అంతే: మూడు కంటే అయిదు ఎక్కువ అంటాం, ఆంగ్లం అయిదుతో మొదలుపెడుతుంది. "3 నుండి 5 వరకు" వంటి వ్యవధులు తప్ప, ఆంగ్లంలో రెండు సంఖ్యలున్న వాక్యం తెలుగులోకి వరస మారకుండా రావడం అరుదు. హిందీ, తమిళ, కన్నడాలదీ ఇదే నడక. జపనీయ, కొరియా, తుర్కీ భాషలదీ ఇదే. కనుక దీన్ని ఏదో ఒక మారుమూల భాష పెట్టే పేచీగా చూడడం కుదరదు.

పరిష్కారం కొత్తగా కనిపెట్టవలసినదేమీ కాదు. ఖాళీలకు స్థానసంఖ్యలు ఇస్తే చాలు: %1$డి, %2$డి. అప్పుడు తెలుగు వాక్యం "%2$డి ఫోటోలలో %1$డి పూర్తయ్యాయి" అవుతుంది. ప్రోగ్రామరు మొదట ఇచ్చిన సంఖ్య, వాక్యంలో ఎక్కడున్నా, ఒకటో నంబరు ఖాళీలోకే వెళుతుంది. యూనిక్స్ లోకంలో పోజిక్స్ ప్రమాణం దీన్ని ఎప్పుడో స్వీకరించింది. సీ భాష ప్రమాణంలో ఇది నేటికీ లేదు. జావాకు 2004లో వచ్చిన అయిదో సంచికతో ఈ పద్ధతి అబ్బింది, అక్కడి నుండి ఆండ్రాయిడ్‌కు వచ్చింది.

ఆండ్రాయిడ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక స్ట్రింగులో నంబరు లేని ఖాళీలు ఒకటికి మించి ఉంటే యాప్‌ను నిర్మించేటప్పుడే దోషమని ఆపేస్తుంది. ఆ వేదికను రూపొందించినవారిలో ఎవరో ఆంగ్లేతర భాషల గురించి ఆలోచించారని చెప్పడానికి ఇదొక్కటి చాలు. అయితే ఆ దోష సందేశం చివర ఒక సూచన కూడా ఉంటుంది: "ఫార్మేటెడ్" అన్న లక్షణాన్ని "ఫాల్స్" అని పెట్టదలచుకున్నారా అని. ఆ సౌకర్యం ఉన్నది ఖాళీలు పూరించని వాక్యాల కోసం. అంటే శాతం గుర్తులు మామూలు అర్థంలో ఉన్న వాక్యాల కోసం. తొందరలో ఉన్న ప్రోగ్రామరు సందేశంలోని మొదటి సగం వదిలి రెండో సగం పాటిస్తాడు. దోషం మాయమవుతుంది, వాక్యం ఆంగ్లంలో సలక్షణంగా పనిచేస్తుంది, తెలుగుకు రావలసిన రక్షణ పోతుంది. నా ఉద్దేశంలో ఇది తలుపు గొళ్ళెం బిగుతుగా ఉందని తలుపే తీసివేయడం వంటిది. ఐఫోను వైపు ఈ నిర్బంధం లేదు. స్థానసంఖ్యలు రాసే వీలుంది గాని, రాయకపోతే అడిగేవారు లేరు.

మనలో 2000లలో మీడియావికీ సందేశాలనో, కేడీఈనో తెలుగులోకి తెచ్చిన మిత్రులకు ఈ గొడవ వింతగా తోచవచ్చు. మీడియావికీలో ఖాళీలు $1, $2 అనీ, కేడీఈలో %1, %2 అనీ పుట్టుకతోనే నంబర్లతో ఉంటాయి. నంబరు లేకుండా రాసే వీలే లేదు. అందుకే తెలుగు వికీపీడియా సందేశాలను అనువదించినవారు వాక్యాన్ని తమకు నచ్చిన రీతిలో తిప్పుకోగలిగారు. స్వచ్ఛందంగా నడిచే ఉద్యమాలు ముందుచూపుతో చేసిన పనిని, డబ్బుకు కొదవలేని యాప్ పరిశ్రమలో సగం మంది ఇప్పటికీ ఐచ్ఛికంగా చూడడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

నంబర్లతో పని పూర్తవుతుందా అంటే, నా మటుకు నాకు తృప్తి లేదు. నంబరు ఖాళీ యొక్క వరసను చెబుతుంది, అందులోకి వచ్చేది ఏమిటో చెప్పదు. అనువాదకుల ముందుకు వాక్యాలు యాప్ నుండి విడిపోయి, ఒంటరిగా, జాబితాలో వస్తాయి. "%1$డి / %2$డి" అని వస్తుంది. గీతకు అటు ఏముంది, ఇటు ఏముంది? అయిపోయినవా, మిగిలినవా? ఊహించాలి. ఊహించి, రెండు నంబర్లనూ అటూ ఇటూ చేస్తే, ఏ తనిఖీ పనిముట్టూ పట్టుకోలేదు. ఆండ్రాయిడ్ వారి లింట్ గాని, గెట్‌టెక్స్ట్ వారి పరీక్ష గాని ఖాళీలు ఎన్ని, ఏ జాతివి అన్నవే చూస్తాయి. ఒకటీ రెండూ ఉన్నాయి, రెండూ సంఖ్యలే, సరే పో అంటాయి.

ఖాళీలకు పేర్లు పెట్టాలి. "పూర్తయినవి", "మొత్తం" అని ఖాళీలోనే రాసి ఉంటే తప్పు చేయడానికి ఎవరైనా ప్రత్యేకంగా శ్రమపడాలి. పైథాన్‌లో ఈ వీలు ఉంది. ఫ్లట్టర్‌లో స్థానికీకరణ దస్త్రాల ఖాళీలు పేర్లతోనే ఉంటాయి. యూనికోడ్ సంస్థ 2025 మార్చిలో స్థిరపరచిన మెసేజ్‌ఫార్మాట్ రెండో రూపంలో కూడా పేర్లే. ఆండ్రాయిడ్ స్ట్రింగులలో నేరుగా పేర్లు పెట్టలేకపోయినా, ప్రతి ఖాళీ చుట్టూ ఎక్స్‌లిఫ్ అనే చిన్న తొడుగు వేసి, అందులో ఆ ఖాళీ పేరునూ ఒక ఉదాహరణనూ రాయవచ్చు. ఈ తొడుగు యాప్ వేగాన్ని తగ్గించదు, పరిమాణాన్ని చెప్పుకోదగినంతగా పెంచదు. రాయడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఖర్చు ప్రోగ్రామరుది, లాభం పది భాషల అనువాదకులది. అందుకే కాబోలు అంత అరుదుగా కనబడుతుంది.

ఇంతవరకు సంఖ్యల వరస గురించే మాట్లాడాను. వరస కుదిరాక అసలు తెలుగు మొదలవుతుంది.

"10 ఫోటోలలో 3 పూర్తయ్యాయి" అన్నాం. మూడుకు బదులు ఒకటి వస్తే "1 పూర్తయింది" అనాలి. అంటే మన క్రియ ఆ చిన్న సంఖ్యను అనుసరించి మారుతుంది. ఆంగ్లంలో ఇటువంటి పొట్టి వాక్యాలలో క్రియకు ఆ బాధ లేదు. అక్కడ మారేది ఫోటో అన్న నామవాచకం. అది అనుసరించేది మొత్తాన్ని, అంటే పదిని. ఆండ్రాయిడ్‌లో ఏకవచన బహువచనాలను ఎన్నుకోవడానికి ఒక ఏర్పాటు ఉంది గాని, అది ఒక్క సంఖ్యను మాత్రమే చూసి నిర్ణయిస్తుంది. ఆ ఒక్క సంఖ్య ఏదో ప్రోగ్రామరు ఎంచుకుంటాడు, ఆంగ్ల వాక్యాన్ని చూసి ఎంచుకుంటాడు, పదిని ఎంచుకుంటాడు. తెలుగు క్రియకు కావలసింది మూడు. అనువాదకురాలు ఎంత పండితురాలైనా ఆ దస్త్రంలో కూర్చుని దీన్ని సరిచేయలేదు. ఎన్నిక ఆమె చేతిలో లేదు.

మొత్తమే ఒకటి అయినప్పుడు ఇంకా వినోదం. "1 ఫోటోలో 1 పూర్తయింది" అని వస్తుంది. ఫోటో లోపల ఏదో ఒకటి పూర్తయిందన్నమాట! "ఉన్న ఒక్క ఫోటో పూర్తయింది" అనాలి మనం. అందుకు వాక్యమే వేరుగా ఉండాలి. ఈ సంకటం నుండి అనుభవజ్ఞులైన అనువాదకులు క్రియను ఎగరగొట్టి బయటపడతారు: "10 ఫోటోలలో 3 పూర్తి". ఒకటి వచ్చినా మూడు వచ్చినా చెల్లుతుంది. తెలుగుకు క్రియారహిత వాక్యం సహజం కనుక ఇది దొంగదారి కూడా కాదు. నాకు నచ్చిన ఉపాయమే.

మనుషుల లెక్క దగ్గర ఈ ఉపాయాలేవీ పారవు. వస్తువులకు రెండు, మూడు, నాలుగు. మనుషులకు ఇద్దరు, ముగ్గురు, నలుగురు. ఏడుగురు దాకా ఈ మర్యాద నడిచి, ఎనిమిది నుండి "మంది" అందుకుంటుంది (ఎనమండుగురు, తొమ్మండుగురు అనే పెద్దలు ఇప్పుడు తగ్గారు). "%1$డి మంది సభ్యులు" అని రాస్తే పదిహేను వచ్చినప్పుడు బాగుంటుంది, అయిదు వచ్చినప్పుడు సర్దుకుంటాం, "2 మంది" అన్నప్పుడు చెవికి తగులుతుంది, "1 మంది" అన్నప్పుడు తెలుగు రానివాడు రాశాడని తేలిపోతుంది. యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ నియమాలు తెలుగుకు రెండే తరగతులు ఇచ్చాయి: ఒకటి, తక్కినవి. అరబ్బీకి ఆరు ఇచ్చారు, మనకు "రెండు" అనే తరగతి ఎందుకు ఇవ్వలేదని కొందరు మిత్రులు బాధపడతారు. ఈ విషయంలో నేను వారితో ఏకీభవించను. రెండు పుస్తకాలు, మూడు పుస్తకాలు అన్నప్పుడు నామవాచకం రూపం ఒక్కటే. ఇద్దరు, ముగ్గురు అన్నది సంఖ్యావాచకంలోని భేదం. దానికి ద్వివచనం వేషం వేస్తే వ్యాకరణం గజిబిజి అవుతుంది. సరైన మందు ఐసీయూ వారి మెసేజ్‌ఫార్మాట్‌లో ఉంది: సంఖ్య సరిగ్గా 1 అయితే ఈ వాక్యం, సరిగ్గా 2 అయితే ఈ వాక్యం, 3 అయితే ఇది, తక్కినవాటికి ఇది అని విడివిడిగా రాయవచ్చు. మీడియావికీలో కూడా ఇటువంటి వీలుంది. ఆండ్రాయిడ్ వారి మామూలు బహువచన దస్త్రంలో లేదు. అక్కడ తెలుగు ప్రతిలో "రెండు" అనే తరగతి కింద "ఇద్దరు" అని రాసి మురిసిపోవచ్చు, యంత్రం దాని వంక చూడనైనా చూడదు. 2016లో వచ్చిన ఏడో ఆండ్రాయిడ్ నుండి మెసేజ్‌ఫార్మాట్‌ను వేదికలోనే అందుబాటులో ఉంచారు. వాడుకోవడమే తరువాయి.

ఇక విభక్తులు. "కి" రాయాలా, "కు" రాయాలా? ఒకటికి, ఎనిమిదికి, పదికి, ఇరవైకి. కానీ రెండుకు, అయిదుకు, వందకు. సంఖ్యను పలికినప్పుడు చివర వినబడే అచ్చును బట్టి ప్రత్యయం మారుతుంది. అంకెలో ఆ అచ్చు కనబడదు. "%1$డికి" అని రాస్తే సగం సంఖ్యలకు ఒప్పు, తక్కినవాటికి పలుకుబడి తేడా. దీనికి నేను అంతగా బెంగపడను. వ్యవహారంలో అయిదుకీ అనేవారూ ఉన్నారు, పాఠకుడు తన నోటికి తగినట్టు సర్దుకుంటాడు. వీలైతే సంఖ్యకూ ప్రత్యయానికీ మధ్య ఒక నామవాచకాన్ని నిలబెట్టడం మేలు: "5 రోజులకు", "10 గంటలకు". ప్రత్యయం నామవాచకానికి తగులుకుంటుంది, సంఖ్య ఏదైనా చెల్లుతుంది.

ఈ బాధలన్నీ పడలేక చాలా యాప్‌లు మరో దారి పట్టాయి. వాక్యమే రాయవు. "మొత్తం ఫోటోలు: 10. పూర్తయినవి: 3." రైల్వే స్టేషన్ బోర్డు తెలుగు. దీన్ని ఈసడించే సాహిత్యాభిమానులు మనలో ఉన్నారు. మందుల యాప్ అయితే నేను దీన్నే కోరతాను. "వ్యవధి: 8 గంటలు. మోతాదు: 2 మాత్రలు" అన్నదాన్ని తారుమారుగా పూరించడం కష్టం. ఒక్కో పంక్తిలో ఒక్కో ఖాళీ. అందం తక్కువైతే కానివ్వండి. కానీ పిల్లల ఆటల యాప్‌లోనూ, పత్రిక చదివే యాప్‌లోనూ, మనిషి మనిషితో మాట్లాడినట్టు ఉండవలసిన చోట కూడా ఇదే బోర్డు భాష దిగిపోవడం అన్యాయం. ఆంగ్లానికి నిండు వాక్యం, తెలుగుకు పట్టిక! అది అనువాదకుల అశక్తత వల్ల జరిగింది కాదు. ఖాళీలను ఆంగ్ల వాక్యపు కొలతకు కుట్టినందువల్ల జరిగింది.

కామాల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పదిహేను లక్షలను మనం 15,00,000 అని రాస్తాం. జావా వారి ఫార్మేటర్‌కు మూడేసి అంకెల కామా మాత్రమే తెలుసు. 1,500,000 అని వేస్తుంది. తెలుగు లొకేల్‌తో ఐసీయూ వారి సంఖ్యారూపకాన్ని వాడితే లక్షల పద్ధతి వస్తుంది. లొకేల్ పేరుకు ఒక చిన్న తోక తగిలిస్తే ౧౫,౦౦,౦౦౦ అని తెలుగు అంకెలు కూడా వస్తాయి (వాటిని వాడాలా వద్దా అన్న పాత తగవులోకి నన్ను లాగకండి). అయితే ఇందులో ఒక చిక్కుంది. అలా రూపం దిద్దిన సంఖ్య ఇక సంఖ్య కాదు, మాట. దాని ఖాళీ %1$డి కాదు, %1$ఎస్. అప్పుడు వాక్యంలోని ఖాళీలన్నీ ఎస్‌లే అవుతాయి. పేరు పడవలసిన చోట డబ్బు మొత్తం, డబ్బు పడవలసిన చోట పేరు వచ్చినా యంత్రం అభ్యంతరం చెప్పదు. తెలుగు కామాలు కావాలన్నందుకు, ఉన్న కాస్త కాపలా కూడా పోయింది. ఖాళీలకు పేర్లు కావాలనడానికి ఇంతకంటే బలమైన కారణం నాకు కనబడదు.

తెలుగు యాప్‌లను అనువదిస్తున్న మిత్రులను ఒక్కటి కోరుతున్నాను. వాక్యాల జాబితా పంపి ఊరుకోకుండా, నిర్మించిన యాప్‌ను చేతికి ఇమ్మని అడగండి. ఇచ్చాక 5లో 5 పూర్తయిన తెరను చూసి తృప్తిపడకండి, అక్కడ తారుమారైనా తెలియదు. 10లో 3 చూడండి. తరువాత 10లో 1, 1లో 1. మనుషుల లెక్క ఉంటే 1, 2, 15. డబ్బు ఉంటే లక్షకు పైన ఒక మొత్తం. ప్రోగ్రామరు మీ మీద విసుక్కుంటే ఆయన ఫోనునే ఒకసారి తెలుగులోకి మార్చి చూపించండి. చివరగా సున్నాను మరిచిపోవద్దు. ఫోటోలు లేనప్పుడు ఫోటోలేవీ లేవు అంటామే గాని సున్నా ఫోటోలు అనే తెలుగువాడు లేడు. బహువచన దస్త్రంలో తెలుగుకు సున్నా తరగతి లేదు కనుక ప్రోగ్రామరు ప్రత్యేకంగా ఒక షరతు రాస్తే తప్ప అది కుదరదు. రాయని యాప్ ఎలా ఉంటుందో మన బ్లాగరులకు వేరే చెప్పనక్కరలేదు: అర్ధరాత్రి దాకా కూర్చుని రాసిన టపా కింద, మర్నాడు పొద్దున్నే, "0 మంది చదివారు" అని ఉంటుంది.